రెండో చోటు

"మేబెలమ్మ మీకేమైతదని రాయాలె, టీచరమ్మా?"

"చెల్లెలని రాయండి."

దేవానందం కలం ఎత్తాడు గానీ కాగితం మీద పెట్టలేదు. ఇరవై రెండేళ్లుగా సమాధుల తోట కమిటీకి ఆయనే కార్యదర్శి. రిజిస్టరులో ప్రతి పేరూ ఆయన గుండ్రటి చేతిరాతలోనే ఉంటుంది.

"సొంత చెల్లెలా?"

"రెజిమెంటల్ బజార్లో ఎవరినడిగినా చెబుతారు. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం."

"ఒకే ఇంట్ల ఉంటే చెల్లెలైతదా? మేబెలమ్మ బాప్తిస్మం సర్టిఫికెట్ నేను చూసిన. తండ్రి పేరు వేరే, ఊరు వేరే."

కాంతమణి టీచరు కుర్చీ బల్ల దగ్గరకు జరుపుకుంది. నర్సు మేబెల్ పోయి ఆ రోజుకు పదకొండు రోజులు. సమాధి లోతుగా తవ్వారు, పైన ఇంకొకరికి చోటుంది. ఎవరి పేరూ రాయించకపోతే శనివారం బండ వేసి సిమెంటు పోసేస్తారు. ఆ రెండో చోటు భార్యాభర్తలకో, రక్తసంబంధీకులకో తప్ప ఇవ్వకూడదని కమిటీ రూలు. మిగిలినవాళ్లు కాప్రా అవతల కొత్త తోటకు పోవాల్సిందే.

ఇరవై ఎనిమిదేళ్ల కాపురానికి లోకంలో పేరు లేదు. ఇరుగుపొరుగువాళ్లు అక్కాచెల్లెళ్లన్నారు. ఇద్దరూ ఔనన్నారు, ఆ మాట కిందే తల దాచుకున్నారు. ఇప్పుడు ఆ మాట కూడా చెల్లడం లేదు.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మేబెలే ఎప్పుడూ ముందు బస్సెక్కేది. పక్క సీటు మీద రుమాలు వేసి, ఎవరొచ్చినా "మనిషి వస్తోంది" అనేది. ఆస్పత్రి మంచం మీద కూడా అదే అంది. "నేను ముందెక్కుతున్నా. రుమాలు వేసి ఉంచుతాలే."

దేవానందం బల్ల మీది పేపరు ఆమె వైపు జరిపాడు. రాష్ట్ర విభజన గొడవల కింద ఆ వార్త ఉంది. ఆడా ఆడా, మగా మగా కలిసి బతకడం నేరం కాదని నాలుగేళ్ల కిందట ఢిల్లీ హైకోర్టు అన్న మాటను సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టాన్ని మార్చాలనుకుంటే పార్లమెంటు మార్చుకోవచ్చట.

"చదివిన్రా? ఇయ్యాల నేరం కాదంటే రేపు పెండ్లి చెయ్యమంటరని కమిటీల ఒకటే లొల్లి. చట్టం మార్చొద్దని ఎంపీకి అర్జీ పంపుతున్నరు. మీరు సుత సంతకం పెట్టుండ్రి."

అర్జీలో మొదటి సంతకం ఆయనదే.

"నేనెందుకండీ?"

"పెట్టకుంటే ఎందుకు పెట్టలేదని అడుగుతరు. పెండ్లి చేసుకోకుండ ఉన్నోళ్ల మీదనే అందరి కన్ను."

బెదిరిస్తున్నాడనుకుంది. పెడితే కరుగుతాడేమోననీ అనుకుంది. పెట్టింది. పెళ్లి అన్న మాట తమకూ దక్కి ఉంటే ఈ గడి నింపడానికి అబద్ధమే అక్కర్లేకపోయేది. ఆ మాట వద్దని తన చేత్తోనే రాసిచ్చింది. మేబెల్ చూసి ఉంటే వారం రోజులు మాట్లాడేది కాదు.

"ఇప్పుడైనా రాస్తారా?"

"లేదమ్మా. సోమవారం సంది కమిటీవాళ్లు రిజిస్టర్లు తనిఖీ చేస్తరు. ఒక్క తప్పుడు వరుస దొరికిందనుకోండి, తీగ లాగితే డొంకంత కదుల్తది."

ఆ డొంక తన బతుకేననుకుని కాంతమణి తల దించుకుంది.

"మీకూ తోబుట్టువులుంటారు కదా, దేవానందం గారూ. వాళ్ల మొహం చూసి..."

"నాకెవ్వరు లేరు. మా అమ్మకు నేనొక్కన్నే."

"గేటు పక్క సమాధి మీద రోజూ చామంతులు పెడతారట. అందులో పావువంతు జాలి నా మీద చూపించకూడదా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది మా చర్చిల పాటలు నేర్పిన క్వాయర్ మాస్టరు యేసురాజుది. ఆయనోళ్లందరు కాకినాడల ఉన్నరు, ఒక్కరు రారు. పూలు పెడితే రూలు తప్పినట్టు కాదు కద."

"ఈ రిజిస్టరులో ఉన్నవాళ్లంతా రక్తసంబంధీకులేనా?" ఆమె చెయ్యి చాపింది.

ఆయన అరచెయ్యి రిజిస్టరు మీద పడింది. "పాత పేజీలు తియ్యకుండ్రి. చినిగిపోతయి."

ఇంతలో బయట శవాన్ని తెచ్చిన వ్యాను హారన్ కొట్టింది. దేవానందం తాళాలగుత్తి అందుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. "మీ సంగతి నేను ఎవ్వరికి చెప్ప. ఇంటికి పోండ్రి, టీచరమ్మా." గేటు తియ్యడానికి వెళ్లిపోయాడు.

కాంతమణి లేవలేదు. రూలు తప్పి చోటు దొరికినవాళ్లు ఇంతమందిలో ఒక్కరైనా ఉండకపోతారా అని రిజిస్టరు దగ్గరకు లాక్కుంది. భార్య. భర్త. తల్లి. కొడుకు. భార్య. వేలు పెట్టి, పిల్లల హాజరు చూసినట్టు పేజీ పేజీ చూసింది. ఎవరికి వాళ్లకు వరుస ఉంది. దిక్కులేనిది తనొక్కతే.

1995 పేజీలో వేలు ఆగింది. యేసురాజు, క్వాయర్ మాస్టరు. రెండో చోటు ఉంచడమైనది. వరుస: సొంత తమ్ముడు.

కాకినాడ నుంచి వచ్చి ఒక్క పువ్వు పెట్టని తమ్ముడికి పద్దెనిమిదేళ్లుగా చోటు అట్టేపెట్టారు. రాత్రీ పగలూ మంచం పక్కన కూర్చుని మేబెల్ కళ్లు మూసిన చేతులకు మాత్రం జానెడు నేల లేదు. రక్తం ఒక్కటుంటే చాలు కాబోలు, ప్రేమ ఉన్నా లేకపోయినా.

అంత అదృష్టవంతుడెవరో చూద్దామని కళ్లు తుడుచుకుని పక్క గడి చదివింది.

ఆ తమ్ముడి పేరు దేవానందం.