ఆరు ప్యాంట్లు

తిప్పమ్మ ప్యాంటును రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపించింది.

"ఏం పాపా, ఇది జేబు కుట్టినావా, పాము పోయిన దోవ గీసినావా?"

మిషన్ల మీది ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు.

సువర్ణ తల ఎత్తలేదు. రాయదుర్గంలోని ఆ జీన్సు ప్యాంట్ల యూనిట్లో చేరి మూడు నెలలైంది. చెకింగ్ చూసే తిప్పమ్మ చేత తిట్టు తినని రోజు లేదు. అయినా సువర్ణ కుట్టిన ప్యాంటు ఒక్కటి కూడా బాగాలేదని వెనక్కి రాలేదు. వారం కూలి పూర్తిగా చేతికొస్తోంది.

"నా కుట్టు బాగలేకుంటే వాపసు ఇయ్యల్ల కదక్కా? ఇయ్యదు. ఊరికే నోరు," అంది పక్క మిషన్ నాగలక్ష్మమ్మతో.

"మొగుడు లేడు, పిల్లల్లేరు. ఎవరిమీదో ఒకరిమీద అరవకుంటే ఆమెకు పొద్దుపోదు లేమ్మా."

సువర్ణ నాయన జయరాముడికి గుండె ఆపరేషనైంది. ఆర్నెల్లు చెంబెడు నీళ్లు కూడా ఎత్తకూడదన్నారు డాక్టర్లు. ఎద్దులు ఆ ఖర్చుకే పోయాయి. ఆ ఏడు వానల్లేక చేలో శెనక్కాయ విత్తనం మొలవకుండానే మాడిపోయింది. ఇంట్లో పొయ్యి వెలగాలన్నా, నాయన మాత్ర మింగాలన్నా సువర్ణ మిషన్ ఆడాలి. ఊళ్లో రవికలు కుట్టిన చెయ్యి ఆమెది. దళసరి జీన్సు గుడ్డ ఆ చేతికి ఇంకా లొంగలేదు.

నవ్వులు ఆగాక తిప్పమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అంది.

"ఇట్లయితే నిన్ను నిలబెట్టేది కష్టం పాపా. తొందరగా చెయ్యి తిప్పుకో."

సువర్ణకు ఒకటే అర్థమైంది. తీసేయిస్తానంటోంది!

ఆ సాయంత్రం బెల్లు కొట్టే ముందు, తిప్పమ్మ తన గుడ్డసంచిలో ప్యాంట్లు కుక్కుకోవడం సువర్ణ కంటపడింది.

కసాపురం ఆంజనేయస్వామీ, నువ్వే చూపించినావు అనుకుంది. నేరుగా ఓనరు గంగాధరప్ప బల్ల దగ్గరికి పోయింది.

"అన్నా, నీ సరుకు సంచిలో పోతాండాది."

గేటు దగ్గర గంగాధరప్ప చెయ్యి చాపాడు.

"సంచి ఇట్ల తే తిప్పమ్మా."

ఆరు ప్యాంట్లు బయటపడ్డాయి.

"యాడికి ఎత్తుకపోతాండావు?"

"ఇంటికి."

"ఎందుకు?"

తిప్పమ్మ ఒక్కసారి సువర్ణ వైపు చూసింది.

"చెప్పవేమ్మా? అమ్ముకునేకేనా?"

"అట్లే అనుకో అప్పా."

"అమ్మేకి కాదులే అన్నా, ఈమే తొడుక్కుంటాదేమో! ఇంట్లో మొగోడు లేడు కదా," అంది సువర్ణ.

ఈసారి అందరూ తిప్పమ్మను చూసి నవ్వారు.

తిప్పమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. పదేళ్లు పనిచేసిన చోటు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

"మంచి పని చేసినావు పాపా. రేపట్నుంచి చెకింగ్ నువ్వే చూడు. నెల జీతం ఇస్తా," అన్నాడు గంగాధరప్ప.

ఇంట్లో సంగతి వినగానే తల్లి హనుమంతమ్మ దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించింది.

"స్వామి మన తట్టు చూసినాడే!"

మంచం మీద జయరాముడు ఎదమీది కుట్ల దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగాడు.

"పదేండ్లు చెయ్యని దొంగతనం ఆమె ఇప్పుడెందుకు చేసిందంటావు పాపా?"

"నాకేం తెలుసు నాయనా? దొంగ దొంగే."

"ఒకరి కూడు పోయి మనకు కూడు వస్తే, దానికి దేవునికి దండం పెట్టొచ్చునా? ఏమో మరి!"

"నిన్ను ఎక్కువ మాట్లాడొద్దన్నాడు డాక్టరు. మాత్రేసుకో," అంది హనుమంతమ్మ.

మర్నాడు పొద్దున సువర్ణ తిప్పమ్మ స్టూలు మీద కూర్చుంది. గంగాధరప్ప ఆ ఆరు ప్యాంట్లూ తెచ్చి బల్లమీద పడేశాడు.

"ఇవి చూడు పాపా. నాకు రాత్రంతా ఇదే ఆలోచన."

రెండు ప్యాంట్ల జేబులు విప్పి, చేత్తో సూటిగా మళ్లీ కుట్టి ఉన్నాయి. మూడోదానికి సూది గుచ్చే ఉంది. మిగతా మూడింటి జేబులు వంకర.

"ఎవరో చేతగానిదాని కుట్టును ఇక్కడ సందు దొరికితే ఇక్కడ, లేకుంటే ఇంట్లో సరిజేసి పాస్ చేస్తాండె ఈమె. ఎవరు కుట్టిందో నంబరుంటాది కదా లోపల, చూడు. అది తేలితే ఆ చేతగానిదాన్ని ఈ పొద్దే పంపించి తిప్పమ్మను పిలిపిస్తా. తేలకుంటే ఆమె దొంగే."

ఫోను మోగితే గంగాధరప్ప గదిలోకి పోయాడు.

సువర్ణ మొదటి ప్యాంటు నడుం పట్టీ తిరగేసింది. రెండోది తిరగేసింది. ఆరోదాకా చూసింది. ఇంట్లో నాయన మాత్రలు ఇంకా రెండు పూటలకే ఉన్నాయి. ఎదురుగా యూనిట్ గోడమీద స్వామి పటం ఉంది. అటు చూడలేదు.

"ఏ నంబరు పాపా?" గదిలోంచి అరిచాడు గంగాధరప్ప.

"నంబర్లు లేవన్నా, ఆ దొంగదే చెరిపేసినట్లుండాది," అంది సువర్ణ, ఆరింటి లోపలా సుద్దతో రాసి ఉన్న తన పదిహేడో నంబరును ఒక్కొక్కటే బొటనవేలితో తుడిచేస్తూ.