వంకర ఎముక

"ఆడే నిలబడు! కడుక్కోకుండా గడప తొక్కితే సూడు."

పుంగనూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కోడలు ప్రసన్న చేతుల మీద, చెంబు తగలకుండా ఎత్తి పట్టుకుని మునిలక్ష్మమ్మ నీళ్ళు పోసింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"గొడ్డెముకలు పిండి చేసే పనా! తూ! ఆ చేతుల్తో అన్నం ఎట్ల తింటావో."

"కొలిమిలో కాలినాక తెల్లటి పొడే మిగులుతాదత్తా. దాన్ని అచ్చులో ఒత్తి మళ్ళీ కాలిస్తే రాయి మాదిరి గట్టిపడతాది. ఎముకలు విరిగిన మనుషులకు డాక్టర్లు పెడతారు."

"సెప్పొద్దు. బాగా రుద్దు."

ప్రసన్న చేతులు రుద్దుకోవడం ఆపింది.

"ఈ పొద్దు కాల్చేదానికి వచ్చిన మూటలో ఒక ముందుకాలి ఎముక ఉండాది. నడిమిన విరిగి వంకరగా అతుక్కోనుండాది. మన ఎర్రావు బావికాడ పడినప్పుడు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టింది నేనే గదా. ఆ వంకర నాకు తెలీదా?"

"యాడన్నా ఆవులకు కాళ్ళు ఇరగవా? మన ఆవు నిమ్మనపల్లెలో మా చెల్లెలింట్లో ఉండాది."

"ఫోన్ చేసినాను. ఆయమ్మ ఇంటికి ఆవే రాలేదంట."

మునిలక్ష్మమ్మ ముక్కు మీది కొంగు జారింది. చెంబు వైపు చూస్తూ గొణిగింది.

"వట్టిపోయిన గొడ్డును ఊరికే మేపాల్నా?"

ప్రసన్న అత్త చేతిలోని చెంబు తీసుకుంది. ఆమెకు తగలకుండా ఎత్తి పట్టుకుంది.

"చేతులు సాపత్తా. పోస్తాను."