వేణ్ణీళ్ళ కేసు

ఇంట్లో ఆ మహాతల్లి తడి తువ్వాలు ఏనాడూ ఆరేసిన పాపాన పోలేదు. మంచం మీద పడేస్తే వాళ్ళమ్మే తీసేది. అలాంటి పిల్ల ఇక్కడ హాస్టల్ కౌన్సిల్ ప్రెసిడెంటట, రెండొందల మందికి క్రమశిక్షణ నేర్పుతోందట. ఇవాళ్టి విచారణకి తల్లిదండ్రులు కూడా రావచ్చన్నారని ఆ అమ్మే వచ్చి వెనక వరసలో కూర్చుంది.

ముందు బల్ల మీద ఒక హీటర్ రాడ్. దాని పక్కన తలొంచుకుని ప్రెసిడెంటు రూమ్మేటు, మొదటి సంవత్సరం పిల్ల. పరీక్ష రోజు పొద్దున్నే ఈ రాడ్ పెట్టడంతో ఫ్యూజు పోయి మూడంతస్తులకీ కరెంటు పోయింది. గదిలో రాడ్ దొరికితే గది ఖాళీ చెయ్యాలని కౌన్సిల్ రూలు. గది పోతే ఆ పిల్ల చదువూ పోయినట్టే. వాళ్ళ ఊరు నాలుగు గంటల బస్సు ప్రయాణం.

"రాడ్ నీదా?" అడిగింది ప్రెసిడెంటు.

"కాదక్కా."

"మరెవరిది?"

"చెప్పనని ఒట్టేశానక్కా."

"రూమ్మేటు కదా, వదిలేస్తుందిలే," ఎవరో గొణిగారు.

ప్రెసిడెంటు వినేసింది. "ఆ రాడ్‌తో కాచిన నీళ్ళు పోసుకున్నది నేనే. మెస్సు నుంచి తెస్తున్నానని ఈ పిల్ల అంటే నమ్మి నెల్లాళ్ళు హాయిగా పోసుకున్నాను. అందుకే నాకిందులో ఓటు లేదు. నాక్కూడా ఏ శిక్ష వేస్తారో మీరే తేల్చండి."

పక్కావిడ అమ్మ వైపు వంగింది. "మీ అమ్మాయా? ఎంత బాగా పెంచారండీ."

అమ్మ తలొంచుకుని సంచి పట్టీ నలిపింది.

ఓటింగులో కౌన్సిల్లో మిగిలిన ఎనిమిది మంది చేతులూ లేచాయి. ఆ పిల్ల గది ఖాళీ చెయ్యాల్సిందే.

"పెట్టె సర్దుకోనా అక్కా?" అంది పిల్ల. కళ్ళు తుడుచుకుంది గానీ, పేరు మాత్రం చెప్పలేదు.

"ఆగు. రూల్లో ఇంకో మాట ఉంది. రాడ్ ఇచ్చినవాళ్ళే వచ్చి ఒప్పుకుంటే నీ గది నీకే ఉంటుంది." ప్రెసిడెంటు హాలంతా కలయజూసింది. "ఎవరైనా ఉన్నారా?"

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

"మా దానికి చన్నీళ్ళు పడవు, రాడ్ పెట్టుకోమంటే రూలంటుంది. పోయిన నెల వచ్చినప్పుడు ఆ పిల్ల చేతిలో రాడ్ పెట్టి ఒట్టేయించుకున్నది నేనేనమ్మా," అంది అమ్మ లేచి నిలబడి. "తప్పు నాది."