ఆర్విల్ కన్ను

"ఆ ఫోటో మీద చెయ్యి వేశావంటే, ఆ చెయ్యి ఇక్కడే విరిచేస్తాను" అంది లవేడా టాకెట్.

స్టూలెక్కి ఫోటో దించబోతున్న రాయిస్ అలాగే ఆగిపోయాడు. సంఘానికి కార్యదర్శే గాని, ఆమె అంటే అతనికి హడల్. ఫోటోలో ఉన్నది ఆమె భర్త ఆర్విల్. పోయి ఇంకా ఏడాది కాలేదు. కింద ఇత్తడి రేకు మీద 'పొరపడని కన్ను' అని చెక్కి ఉంది. మా కాటన్‌వుడ్ పాత రివాల్వర్ల సంఘంలో ఆ మాట ఇంకెవరికీ దక్కలేదు. ఓక్లహోమాలో ఏ మూల ఎవరి అటక మీద పాత రివాల్వర్ దొరికినా, అసలుదో కాదో తేల్చడానికి ఆర్విల్ చేతికి రావాల్సిందే.

"కూర్చోండి లవేడా గారూ" అన్నాడు అధ్యక్షుడు డెల్బర్ట్ యోకమ్. "నాకు మాత్రం ఇది సరదానా? ఆర్విల్ సంఘానికి బహూకరించిన రివాల్వర్ అసలుది కాదు. ఎవరో తుప్పు గీకి, కొత్తగా రంగెక్కించారు. దాన్ని అసలుదని చెప్పి ఆ అద్దాల పెట్టెలో పెట్టించాడు. తెలిసే చేశాడు."

"తెలిసే చేశాడా?"

"అంత కన్నున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?"

"ఇదిగో డెల్బర్ట్, ఆయన జన్మలో అబద్ధమాడలేదు. నేను చేసిన పెకాన్ గింజల మిఠాయి బాగోకపోతే, చుట్టాల ముందే బాగోలేదనేవాడు. అలాంటివాణ్ణి మోసగాడంటావా?"

"నేను అనడం లేదండీ, రివాల్వరే అంటోంది."

"అయితే నా ఎదుట అనిపించు."

డెల్బర్ట్‌కి పౌరుషం వచ్చింది. అద్దాల పెట్టె తెరిచి, రివాల్వర్ తీసి, గుళ్లేమీ లేవని చక్రం తిప్పి చూసుకుని, గుడ్డ మీద పెట్టాడు. 1883 నాటి సరుకు. దాని వయసు మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఒంటి మీది రంగు గురించే. ఆ కాలంలో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఉక్కు మీద నీలం, పసుపు, ఊదా మబ్బులు కమ్మినట్టు రంగులుండేవి. చెయ్యి తగిలిన చోటల్లా అవి బూడిద రంగుకి తిరుగుతాయి. పిడి పలకల మాటున మాత్రం చెక్కుచెదరవు. మేమంతా ముందు అక్కడే చూస్తాం.

"ఈ పలకల మాటున కూడా బూడిద రంగే ఉందండీ" అన్నాడు డెల్బర్ట్. "నిన్న సభ్యులందరం విప్పి చూశాం."

"ఎక్కడ చూశారు?"

"ఇక్కడే, ఈ బల్ల మీద."

"ఈ ట్యూబ్‌లైట్ కిందా?" లవేడా విసురుగా లేచి కిటికీ తెర బర్రున లాగేసింది. ఎండకి పిడులు వెలిసిపోతాయని మా హాల్లో తెరలు ఎప్పుడూ వేసే ఉంటాయి. "ఇన్నేళ్లు ఆయన పక్కన కూర్చుని మీరు నేర్చుకున్నది ఇదేనా? రా, ఇక్కడికొచ్చి విప్పు."

డెల్బర్ట్ మొహం మాడ్చుకునే వెళ్లాడు. పిడి మర తిప్పి పలకలు ఊడదీశాడు. భూతద్దం పెట్టి ఎండలో అటూ ఇటూ తిప్పాడు. ఉక్కు మీద నీలం మబ్బు, దాని అంచున పసుపు, మూలన ఊదా. నిగనిగలాడుతున్నాయి.

రాయిస్ స్టూలు దిగి వచ్చి తొంగి చూసి, "ఓరి నాయనో" అన్నాడు.

"మర తలల మీది గాళ్లు చూడు" అంది లవేడా. "తెలియనివాడు స్క్రూడ్రైవర్ పెడితే చెదిరిపోతాయి. చెదిరాయా?"

"లేదు."

"చిల్లుల అంచులు? సాన పట్టినవాడు అంచులు అరగదీయకుండా ఉంటాడా?"

"పదునుగానే ఉన్నాయి" అన్నాడు డెల్బర్ట్. గొంతు సగానికి తగ్గింది.

"నంబరు చదువు. మూడు చోట్లా చదువు. నాకేం తొందర లేదు, పొయ్యి మీద ఏమీ పెట్టి రాలేదు."

మూడు చోట్లా ఒకటే నంబరు. అయినా డెల్బర్ట్ వదల్లేదు. ఇంకో అరగంట గొట్టం మీది అక్షరాలు, తూటాని పేల్చే గుర్రపు మీట, దాని కింది స్ప్రింగు, అన్నీ విప్పి చూశాడు. నుదుటి చెమట భూతద్దం మీద పడితే చొక్కాతో తుడుచుకుని మళ్లీ చూశాడు. లవేడా రెండు చేతులూ కట్టుకుని, అతని నెత్తి మీద నిలబడింది.

చివరికి అతను భూతద్దం పక్కన పెట్టేశాడు.

"తప్పు నాదే లవేడా గారూ. ఇది అసలుదే. ఫ్యాక్టరీ దాటాక దీని మీద ఇంకెవరి పనీ జరగలేదు."

"నోటి మాట కాదు, రాసివ్వు."

సంఘం కాగితం మీద అదే మాట రాసి సంతకం పెట్టాడు. రాయిస్ సాక్షి సంతకం చేశాడు. లవేడా రెండుసార్లు చదువుకుని, కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. అప్పుడు గాని ఆమె కళ్లు చెమర్చలేదు. స్టూలు జరుపుకుని తనే ఎక్కి, ఒరిగిన ఫోటోని సరిచేసింది.

"ఇక ఆర్విల్‌ని మోసగాడు అనే మొనగాడు లేడండీ" అన్నాడు రాయిస్ ఆమెకి చెయ్యందిస్తూ.

"ఎలా అంటారు? తొమ్మిదేళ్ల కిందట ఈ రివాల్వర్ పశువుల కొట్టంలో తుప్పు పట్టి నాకు దొరికింది. నన్నెవడూ ఏమార్చలేడని ఆయన రోజూ కోతలు కోస్తుంటే వినలేక, మా నాన్న తుపాకుల షాపులో నేర్చుకున్న పనంతా దీని మీద చూపించాను. పెరట్లో ఎముకల బొగ్గులో ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి తీసి, రంగులు తెప్పించి, ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టాను" అంది లవేడా దిగుతూ. "చూడు డెల్బర్ట్, పాపం ఆయన కూడా అచ్చం నీలాగే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అరగంట చూసి, అసలుదే అన్నాడు."