కన్ను దొరికిన రోజు

“నేను రాను,” అంది కావేరి.

సగం సర్దిన బ్యాగు ముందు ఫణికుమార్ బిత్తరపోయి నిలబడ్డాడు.

“రానంటే? పొద్దున్నే చెన్నై ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. ఎవరో పుణ్యాత్ములు దానం చేసిన కన్ను దొరికింది, రేపటికల్లా రమ్మన్నారు. ఇన్నాళ్ళూ ఈ ఫోన్ కోసమే కదా ఎదురుచూశాం!”

“ఆ కన్ను ఇంకెవరికైనా పెట్టమనండి. నాకొద్దు.”

ఆమె మంచం అంచున కూర్చుని దుప్పటి మడతపెడుతోంది. మడతపెట్టిందే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. ఎయిర్‌పోర్టు పక్కనే లంబాలైన్‌లోని ఆ ఇంటి మీదుగా విమానం దిగుతుంటే కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

పొద్దుటినుంచి ఫణికుమార్ కాలు ఒకచోట నిలవలేదు. సీట్లు లేవన్న ఏజెంటు గడ్డం పట్టుకుని బతిమాలి, ఈ దీవి నుంచి చెన్నైకి రెండు విమానం టికెట్లు సంపాదించాడు. కావేరిని స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్ళి రక్త పరీక్షలు, ఈసీజీ చేయించాడు. షుగరు ఎక్కువుందని డాక్టరు మొహం చిట్లిస్తే, ‘సరే, అక్కడి వాళ్ళు చూసుకుంటారులే’ అనిపించుకునేదాకా వదల్లేదు. చెన్నైలోని తోడల్లుడికి ఫోన్ చేసి ఆసుపత్రి దగ్గర్లో గది చూడమన్నాడు. డిగ్నాబాద్‌లోని తన ఎలక్ట్రికల్ షాపు తాళాలు తమ్ముడికి అప్పగించాడు. పాపను చూసుకోమని పక్కింటి కామమ్మను అడిగితే ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

“ఏటి భయ్యా, అడగాలా? పాప నాకాడుంటాది. నువ్వు టెన్షన్ తీసుకోకు. సునామీలో పోయిన సూపు మల్లీ వస్తాదంటే దీదీకి ఇంతకన్నా ఖుషీ ఏటుంటాది?”

ల్యాబు దాకా నోరెత్తకుండా వచ్చిన కావేరి, తీరా బట్టలు సర్దే వేళకు ఇలా అడ్డం తిరిగింది.

ఇంతలో మూడో క్లాసు చదువుతున్న లిఖిత స్కూలు నుంచి వచ్చింది. సంచీ ఓ మూలకు విసిరేసి తల్లి ఒళ్ళో వాలిపోయింది.

“అమ్మా, తిరిగొచ్చాక ఎయిర్‌పోర్టులో ఫస్ట్ నన్నే చూడాలి. పక్కా? నేను పింక్ ఫ్రాక్ వేసుకుంటా. పింక్ ఎలా ఉంటదో నీకు యాద్ ఉందా?”

కావేరి పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, నుదురూ ముక్కూ చెంపలూ వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది.

అది చూసి ఫణికుమార్ సర్దడం ఆపేశాడు. పొద్దుటినుంచీ ఈ హడావుడి కింద తొక్కిపెట్టుకున్న భయం అదే.

“లిఖితా, కామమ్మ ఆంటీ పిలుస్తోంది. వెళ్ళమ్మా,” అని పిల్లను పంపేసి తలుపు వేశాడు. ఇక దాచి లాభం లేదు. కావేరి కళ్ళకు చూపొస్తే, ఆ మొహంలో తన పోలికా మొగుడి పోలికా వెతుక్కోకుండా ఉంటుందా?

“కావేరీ, నీకొక మాట చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక నీ అంతట నువ్వు తెలుసుకుంటే తట్టుకోలేవు.” అతను తలుపుకు ఆనుకున్నాడు. “మనం హట్‌బేలో ఉండగా సునామీ నీళ్ళొచ్చిన రోజు... మన పాప దొరకలేదు. నువ్వు కళ్ళకు కట్లతో, ఒళ్ళు తెలియని జ్వరంలో ‘పాపేదీ, పాపేదీ’ అని కలవరిస్తున్నావు. బతకవన్నారు. క్యాంపులో ఈ పిల్ల ఎవరూ లేక, మాటా పలుకూ లేక ఓ మూల కూర్చునుంది. మన పాప ఈడే. తీసుకొచ్చి నీ పక్కన పడుకోబెట్టాను.”

చెప్పేసి కళ్ళు మూసుకున్నాడు. కేక వేస్తుందనుకున్నాడు. చొక్కా పట్టుకుని నిలదీస్తుందనుకున్నాడు.

“తెలుసండీ,” అంది కావేరి.

అతను ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

“ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి దానికి నూనె రాసి స్నానం చేయించిన రోజే తెలిసింది. మోచేతి కింద కాలిన మచ్చ చేతికి తగిలింది. మన పాప ఒంటి మీద మచ్చెక్కడిది?”

“మరి... ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదే?”

“అడిగితే మీరు నిజం చెప్పేస్తారని భయం.”

ఫణికుమార్ ఆమె మోకాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు. అన్నేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయింది. కండువాతో మొహం తుడుచుకుని లేచాడు.

“పిచ్చిదానా, దీనికేనా రానన్నావు? అది మన పిల్లే. నీకు చూపొచ్చినా మన పిల్లే. లే, ఏ చీరలు పెట్టమంటావో చెప్పు.”

కావేరి లేవలేదు. గాల్లో అతని చెయ్యి వెతుక్కుని గట్టిగా పట్టుకుంది.

“మొన్న మీరు షాపులో ఉన్నప్పుడు ఒకావిడ వచ్చింది. స్కూలు దగ్గర పాపను చూసి ఇంటిదాకా వెంట వచ్చిందట. గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. మోచేతి కింద మచ్చ సంగతి నేను అడక్కుండానే చెప్పింది. పొయ్యి మీది గిన్నె తగిలి కాలిందట.”

“ఎవరావిడ?” అన్నాడతను. అడిగాక, జవాబు వినాలనిపించలేదు.

“కన్నతల్లి.”

ఫణికుమార్ మూసిన తలుపు వైపు చూశాడు. “పిల్లను ఇమ్మందా?” అన్నాడు.

“ఆ వేళ పాప నా చెయ్యి పట్టుకుని పెరట్లో నీళ్ళ డ్రమ్ము దాకా నడిపిస్తుంటే ఆవిడ చూస్తూ కూర్చుంది. పోతూ పోతూ నా తల నిమిరింది. ‘నీకు సూపొచ్చేదాకా నీకాడే ఉంచుకో అక్కా, సూపొచ్చినాక నా బిడ్డని నాకిచ్చెయ్’ అంది.”