మొండితోక

ఆ శనివారం పాఠం గుర్రం గిట్టలు శుభ్రం చేయడం. బూరుల్ చెబుతున్నది మాత్రం కోపం గురించి.

మాంసానికి కోతకు పోయే గుర్రాలను తెచ్చి సాకడానికి కొండ మీద ఆ శాల పెట్టింది ఆమే. పట్నం బడి పిల్లలకు వారానికో పూట అక్కడ చదువు. ఏ పాఠమైనా మొదలు ఒకటే.

"అన్యాయం కనబడితే ఏం చేయాలి?"

"అరవాలి!" అన్నారు పిల్లలు.

"ఎలా?"

"కొండలు వినేలా!"

గుర్రాలు చెవులు వెనక్కి పెట్టాయి. వాటికి ఈ పాఠం మీద మొదటినుంచీ సదభిప్రాయం లేదు.

కొత్తగా చేరిన తిలెక్ కంచె అవతలి ఎర్ర గుర్రాన్ని చూసి నవ్వాడు. "అక్కా, దీనికి క్షవరం ఎవరు చేశారు?"

"నవ్వావంటే పళ్లు రాలతాయి," అంది పెరిజాత్. ఆ గుర్రాన్ని చూసుకునేది ఆ పిల్లే. మొండితోక అని పేరు పెట్టిందీ ఆ పిల్లే. "దీని మనిషి చచ్చిపోయాడు."

"మనిషి పోతే అతని గుర్రానికి తోకా జూలూ కత్తిరిస్తారు," అంది బూరుల్. "ఏడాదిపాటు ఎవరూ ఎక్కరు. సంవత్సరీకానికి దాన్నే కోసి ఊరికి విందు పెడతారు. పోయినవాడికి గౌరవమట! నాకిది కావాలని వాడొచ్చి అడిగాడా?"

"మరి ఇదెలా బతికింది?"

"మొన్న చలికాలం, తెల్లారి లేచి చూస్తే మన గేటుకు కట్టేసి ఉంది. కట్టినవాళ్ల అడుగులు కూడా మంచులో పూడిపోయాయి. ఎవరో మహానుభావుడు. కనిపిస్తే కాళ్లకు దణ్ణం పెడతాను."

శాల వంటగదిలో టీ గిన్నెలన్నిటికీ పైన, విడిగా, నీలం పూల గిన్నె ఒకటి బోర్లించి ఉంటుంది. దాంట్లో ఎవరూ తాగరు. అది ఆ మహానుభావుడు ఎప్పుడైనా వస్తే ఆయనకు. పిల్లలు ఆయనకు మీసాలు కూడా ఊహించి పెట్టుకున్నారు.

అప్పుడే గేటు దగ్గరికి ఒక ముసలావిడ వచ్చింది. నల్ల తలగుడ్డ, చేతిలో ఖాళీ డబ్బా.

"బండి వేడెక్కిపోయిందమ్మా. కాసిని నీళ్లు పోస్తారా?"

తిలెక్ డబ్బా నింపుకొచ్చాడు. ఆవిడ చూపు నీళ్ల మీద లేదు.

మొండితోక తల ఎత్తింది. సకిలించింది. మేత వదిలేసి వచ్చి, కంచె మీదుగా ఆవిడ భుజాన గడ్డం ఆనించింది.

ఎన్ని క్యారట్లు తినిపించినా పెరిజాత్‌కు అది ఆ భాగ్యం కలిగించలేదు.

బూరుల్ ఆ నల్ల తలగుడ్డ వంక చూసింది. ఏడాది తిరిగి విందు అయ్యేదాకా, కొడుకు పోయిన ఏ తల్లీ దాన్ని తీయదు.

"ఈ గుర్రం నీకు తెలుసు," అంది.

ముసలావిడ చేయి గుర్రం ముక్కు మీదే ఆగిపోయింది.

"నీ కొడుకుదా?"

"మెల్లగా తల్లీ. కింద మావాళ్లున్నారు."

"ఉంటే? బెదిరిస్తున్నావా?"

"కాదమ్మా, మెల్లగా..."

"సంవత్సరీకం ఎప్పుడు?"

ముసలావిడ తల దించుకుంది. "రేపు."

"విన్నారా?" బూరుల్ పిల్లల వైపు తిరిగింది. "రేపు కోసి తినేదాన్ని ఇవాళ ముద్దులాడ్డానికి వచ్చింది!"

"సిగ్గులేదూ ముసలీ?" అంది పెరిజాత్. "ఉప్పూ కారం కూడా తెచ్చుకున్నావా?"

పిల్లలు చేతులు పట్టుకుని గేటుకు అడ్డం నిలబడ్డారు. నేర్పింది నేర్పినట్టు అరిచారు.

"మొండితోకను ఇవ్వం! మొండితోకను ఇవ్వం!"

ముసలావిడ పెదాల మీద వేలు పెట్టుకుని ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. ఒక్కరూ ఆపలేదు. తిలెక్ డబ్బాలో నీళ్లు ఆవిడ కాళ్ల దగ్గర కుమ్మరించాడు. పెరిజాత్ విసిరిన లద్దె ముద్ద వెళ్లి నల్ల తలగుడ్డకు తగిలింది.

బూరుల్ చూసీ చూడనట్టు ఊరుకుంది. పాఠం బాగానే వంటబట్టిందని లోపల కాస్త గర్వపడింది కూడా.

కొండలు విన్నాయో లేదో గానీ, కింద జీపులో వాళ్లు విన్నారు.

ముగ్గురు మగవాళ్లు పైకి వచ్చారు. ముందున్న లావుపాటాయన కంచె దగ్గర ఆగి, కళ్లు చిట్లించి, పెద్దగా నవ్వాడు.

"ఓరి, మన మక్సత్ గుర్రం! చలికాలం నుంచీ కొండలన్నీ గాలించాం కదరా!" అని ముసలావిడ వైపు తిరిగాడు. "భలే దానివి వదినా! గద్ద కళ్లు నీవి. లేకపోతే ఇప్పుడు సంతకెళ్లి ఇంకోటి కొనాల్సొచ్చేది."



బూరుల్ గేటుకు వీపు ఆనించింది. "తీసుకెళ్లనివ్వను. పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలువమ్మా, పిలువు. రేపు విందుకు వాళ్లూ వస్తున్నారు. ఈలోగా ఆ తొడ మీద ముద్ర చూడు. మా ఇంటిదే."

ముద్ర ఉంది. వారం వారం దాని చుట్టూ దువ్వుతున్న పెరిజాత్‌కు అది బాగా తెలుసు.

మగవాళ్లు తాడు వేశారు. పెరిజాత్ గుర్రం మెడ కావలించుకుంది. ఆ పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. అయినా గుర్రం కదల్లేదు. లాగారు, తిట్టారు, కొట్టారు. గిట్టలు నేలలో దిగేసుకుని నిలబడింది.

"వదినా, నువ్వు ముందు నడు," అన్నాడు లావుపాటాయన.

ముసలావిడ నడిచింది. గుర్రం బుద్ధిగా వెనకే కదిలింది.

"నిన్ను నమ్మి వస్తోంది, చూడు!" బూరుల్ గొంతు చీరుకుపోయింది. "తల్లివేనా నువ్వు?"

ముసలావిడ ఆమె పక్కనే ఒక్క క్షణం ఆగింది. తలగుడ్డ మీద లద్దె అలాగే ఉంది.

"తప్పు నాదేనమ్మా," అంది, మొదట్లో మాట్లాడినంత మెల్లగా. "ఆ రోజు మంచులో దీన్నిక్కడ కట్టేసినప్పుడే, తలుపు తట్టి మీకో మాట చెప్పి వెళ్లాల్సింది."