యార్డు పక్క బోరు

"ఆగుండ్రి! ఎవ్వరూ ఆ నీళ్లు తాగొద్దు!"

ఏడో తరగతి పిల్లలకు డంపింగ్ యార్డు చూపించడానికి వచ్చిన మెహ్రీన్ టీచర్ గట్టిగా అరిచింది. యార్డు పక్కనే ఉండే సత్తమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

"ఎండల వచ్చిండ్రు, దూపైతదని మా బోరు నీళ్లు తెచ్చిన బిడ్డా."

"చెత్తల విషమంతా భూమిలకు దిగుతదవ్వా. గీ నీళ్లు తాగితే పిల్లలకు రోగాలొస్తయి."

పిల్లలంతా వెనక్కి జరిగారు. వాళ్లలోనే ఉన్న సత్తమ్మ మనవరాలు అక్షిత మాత్రం జరగలేదు.

"మేం రోజూ గివే తాగుతం టీచర్. మా చిన్న తమ్ముడు గూడ."

మెహ్రీన్ తన సీసాలో మిగిలిన సగం నీళ్లు అక్షితకు ఇచ్చింది.

అక్షిత తాగలేదు. మూత గట్టిగా బిగించి సత్తమ్మకు అందించింది.

"గియ్యి తమ్మునికి తాపవ్వా."

బస్సు హారన్ మోగింది. మెహ్రీన్‌కు ఎక్కబుద్ధి కాలేదు. ఉండి ఏం చెయ్యాలో కూడా తెలియలేదు.